ఎ, యాన్, ది: దరఖాస్తు రాసేటప్పుడు ఈ మూడింటి దగ్గరే తడబాటు ఎందుకు?

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసుకోవడానికి ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) రాసి మా సీనియర్‌కు చూపిస్తే, భావం బాగుందనీ ఆర్టికల్స్ మాత్రం దారుణంగా ఉన్నాయనీ అన్నారు. వ్యాకరణ పుస్తకంలోని నియమాలన్నీ బట్టీ పట్టినా రాసేటప్పుడు అవి గుర్తుకు రావడం లేదు. గడువు ఇంకా ఆరు వారాలు ఉంది. ఇందుకోసం మూడు నెలల స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరమంటారా? నేను రాసిన నాలుగు వాక్యాలు పంపుతున్నాను: ‘ఐ యామ్ ఫైనల్ ఇయర్ స్టూడెంట్ ఆఫ్ మెకానికల్ ఇంజినీరింగ్. లాస్ట్ ఇయర్ ఐ డిడ్ ప్రాజెక్ట్ ఆన్ వాటర్ పంప్స్. ది ప్రాజెక్ట్ టాట్ మీ ది పేషెన్స్. ఐ వాంట్ టు డు యాన్ యూనివర్సిటీ కోర్స్ ఇన్ ది డిజైన్ అండ్ ఐ హ్యావ్ ఫ్యూ క్వశ్చన్స్ అబౌట్ యువర్ ప్రోగ్రామ్.’

జవాబు: మీరు పంపిన నాలుగు వాక్యాల్లో ఆర్టికల్ తప్పులు ఆరు ఉన్నాయి. అయితే మూడో వాక్యం మొదట్లో ‘ది ప్రాజెక్ట్’ అని సరిగ్గా రాశారు. అక్కడ ఏ నియమాన్ని గుర్తు చేసుకుని ‘ది’ పెట్టారని అడిగితే మీరు చెప్పలేకపోవచ్చు. అంతకు ముందు వాక్యంలో చెప్పిన ప్రాజెక్టు గురించే మాట్లాడుతున్నారు కాబట్టి అది అప్రయత్నంగా వచ్చి ఉంటుంది. మిగతా చోట్ల కూడా మీకు కావలసింది ఆ స్పృహే తప్ప మరో ఇరవై నియమాలు కావు.

తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనకు ఇవి పట్టుబడవని చాలామంది అనుకుంటారు. ఆర్టికల్స్ లేని మాట నిజమే గానీ, అవి చేసే పని మన భాషలోనూ జరుగుతూనే ఉంది. ‘నిన్న ఉత్తరం రాశాను, పొద్దున ఉత్తరాన్ని పోస్టులో వేశాను’ అన్న వాక్యాన్ని గమనించండి. మొదటిసారి ‘ఉత్తరం’ అని విభక్తి లేకుండా వదిలేశాం. రెండోసారి ‘ఉత్తరాన్ని’ అనగానే అది నిన్న రాసిన ఉత్తరమేనని వినేవారికి తెలిసిపోయింది. అప్రాణివాచకాలకు ద్వితీయా విభక్తి చేర్చడం మన ఇష్టం మీద ఆధారపడిన విషయమని వ్యాకరణం చెప్పినా, వినేవారికి ఫలానాదని తెలిసిన వస్తువుకే మనం దాన్ని ఎక్కువగా చేరుస్తాం. ‘ఒక’, ‘ఆ’ అన్న మాటలు కూడా ఇదే పని చేస్తాయి. చరిత్రలో చూస్తే ఇంగ్లిష్ ఆర్టికల్స్ కూడా ఇలాంటి మాటల నుంచే పుట్టాయి. ‘యాన్’ అన్నది పాత ఇంగ్లిష్‌లో ‘ఒకటి’ అనే మాట అరిగిపోగా మిగిలిన రూపం, ‘ది’ అన్నది ‘ఆ’ అని చూపించే మాట నుంచి వచ్చిన రూపం. తేడా ఎక్కడంటే, మనం అవసరమైనప్పుడు మాత్రమే ‘ఒక’, ‘ఆ’ వాడతాం, ఇంగ్లిష్ మాత్రం దాదాపు ప్రతి నామవాచకం దగ్గరా ఈ లెక్క తేల్చి చెప్పమంటుంది.

కాబట్టి నామవాచకం రాసిన ప్రతిసారీ ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను ఏ వస్తువు గురించి చెబుతున్నానో చదివేవారికి ఇప్పటికే తెలుసా? ఇక్కడ లెక్కలోకి వచ్చేది చదివేవారి ఎరుకే గానీ మీ ఎరుక కాదు, ఎక్కువమంది జారిపడేది ఈ మెట్టు మీదే. మీ ప్రాజెక్టు మీకు తెలుసు, ఏడాది పాటు దానితోనే గడిపారు, అందుకే అది మీ మనసులో ఎప్పుడూ ‘ఆ ప్రాజెక్టే’. అడ్మిషన్ కమిటీలో కూర్చున్న వ్యక్తి మాత్రం దాని గురించి మొదటిసారి వింటున్నారు, కాబట్టి మొదట ‘ఎ ప్రాజెక్ట్’ అనాలి, ఆ తర్వాతే ‘ది ప్రాజెక్ట్’. మీ మొదటి వాక్యంలో కూడా ‘ఎ ఫైనల్ ఇయర్ స్టూడెంట్’ అని ఉండాలి, ఎందుకంటే అలాంటి విద్యార్థులు ఎందరో ఉండగా వారిలో మీరు ఒకరు. వృత్తి, హోదా చెప్పే చోట తెలుగులో ‘నేను ఇంజినీర్‌ని’ అంటే సరిపోతుంది కాబట్టి ఇంగ్లిష్‌లోనూ ‘ఐ యామ్ ఇంజినీర్’ అని వచ్చేస్తుంది. అక్కడ ‘యాన్ ఇంజినీర్’ తప్పనిసరి.

ఇక ‘ది పేషెన్స్’, ‘ది డిజైన్’ సంగతి. ఆర్టికల్స్ మరిచిపోతున్నామన్న భయంతో అనుమానం వచ్చిన ప్రతి చోటా ‘ది’ తగిలించడం చదువుకున్నవారిలో ఎక్కువగా కనిపించే అలవాటు, నా దృష్టిలో ఇది మరిచిపోవడం కంటే మొండి జబ్బు. ఓర్పు, జ్ఞానం, సమాజం, ప్రకృతి, రూపకల్పన వంటి వాటిని మొత్తంగా, సాధారణంగా చెప్పేటప్పుడు ఏ ఆర్టికలూ అక్కర్లేదు. అదే మాటను ఫలానాదని పరిమితం చేసినప్పుడు ‘ది’ వస్తుంది: ‘ఐ వాంట్ టు స్టడీ డిజైన్’ సరైనది, ‘ది డిజైన్ ఆఫ్ దిస్ పంప్ ఈజ్ ఓల్డ్’ కూడా సరైనదే. బహువచనంలోనూ ఇదే తీరు. ఇంజినీర్లందరి గురించి మాట్లాడితే ‘ఇంజినీర్స్ సాల్వ్ ప్రాబ్లమ్స్’, మీ బృందంలోని ఆ ఇంజినీర్ల గురించి అయితే ‘ది ఇంజినీర్స్’. భాషల పేర్ల ముందు కూడా ‘ది’ రాదు. ‘ది ఇంగ్లిష్’ అంటే ఇంగ్లిష్ భాష అని కాక ఇంగ్లండ్ ప్రజలని అర్థం వస్తుంది.

లెక్కించలేని నామవాచకాల్లో ఉద్యోగ దరఖాస్తులకు పనికొచ్చే కొన్నింటిని మాత్రం గుర్తు పెట్టుకోక తప్పదు: ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఎక్విప్‌మెంట్, రీసెర్చ్, ఫీడ్‌బ్యాక్, సాఫ్ట్‌వేర్. వీటి ముందు ‘ఎ’, ‘యాన్’ ఉండవు, చివర బహువచనపు ‘ఎస్’ కూడా మామూలుగా ఉండదు. మన నోట తరచుగా వినిపించే ‘ఎ సాఫ్ట్‌వేర్’ తప్పే. ‘ఎక్స్‌పీరియన్స్’ రెండు విధాలా నడుస్తుంది: పని అనుభవం అన్నప్పుడు ఆర్టికల్ ఉండదు, జరిగిన ఒక అనుభవం అన్నప్పుడు ‘యాన్’ వస్తుంది.

‘యాన్ యూనివర్సిటీ’ మీకు అక్షరం చూసి అలవాటైన తప్పు. అచ్చు అక్షరం ముందు ‘యాన్’ అని బడిలో నేర్పిన నియమం సగమే నిజం, చూడవలసింది అక్షరాన్ని కాదు, శబ్దాన్ని. నిజానికి ‘యాన్’ మూల రూపం, హల్లు శబ్దం ముందు దాని నకారం రాలిపోగా ‘ఎ’ మిగిలింది. ఈ నకారం ఏ మాటకు చెందినదో తెలియక ఇంగ్లిష్‌వారే తికమకపడ్డారు: క్రికెట్‌లో మనం పిలిచే ‘అంపైర్’ ఒకప్పుడు నకారంతో మొదలయ్యే మాట, దాని నకారాన్ని ఆర్టికల్ లాగేసుకోగా మిగిలినదే ఇప్పటి రూపం.

శబ్దాన్ని బట్టి నిర్ణయించమని చెప్పినా మనకు మరో చిక్కు ఉంది, దాని గురించి పుస్తకాలు సాధారణంగా చెప్పవు. మన నోరు పదం మొదటి ‘ఎ’కు యకారాన్ని, ‘ఒ’కు వకారాన్ని చేర్చి పలుకుతుంది. ‘ఎక్కడ’ను ‘యెక్కడ’ అనీ ‘ఒకటి’ని ‘వొకటి’ అనీ పలకడం మనకు సహజం. అదే అలవాటుతో ‘ఎంబీఏ’ను ‘యెంబీయే’ అని పలికితే చెవికి హల్లు వినిపించి ‘ఎ ఎంబీఏ’ అని రాసేస్తాం, సరైనది ‘యాన్ ఎంబీఏ’. దీనికి పూర్తిగా ఎదురుగా, ఇంగ్లిష్‌లో యకారం స్పష్టంగా వినిపించవలసిన ‘ఇయర్’ అనే మాటను మనం యకారం మింగేసి ఇకారంతో పలుకుతాం, ఇకారంతోనే రాస్తాం కూడా. అందుకే ‘యాన్ ఇయర్’ అన్న తప్పు పెద్ద చదువులు చదివినవారి ఉత్తరాల్లోనూ కనిపిస్తుంది. ఏడాది అన్న అర్థంలో ఎప్పుడూ ‘ఎ ఇయర్’ అనే రాయాలి, చెవి అన్న అర్థంలో అయితే ‘యాన్’ సరిపోతుంది. ఇలాంటి మాటల విషయంలో మీ ఉచ్చారణను నమ్ముకోకుండా నిఘంటువులో ఉన్న ఆడియోను ఒకసారి వినండి. యూనివర్సిటీ, యూరోపియన్, వన్ ఇయర్ కోర్స్ ముందు ‘ఎ’, హకారం పలకని ‘అవర్’, ‘ఆనెస్ట్’ ముందు ‘యాన్’ రావడం కూడా ఈ శబ్ద నియమం వల్లనే.

మీ చివరి వాక్యంలోని ‘ఫ్యూ క్వశ్చన్స్’ మిగతా తప్పుల్లాంటిది కాదు, ఎందుకంటే అది వ్యాకరణ దోషంగా కనిపించకుండానే అర్థాన్ని తలకిందులు చేస్తుంది. ‘ఐ హ్యావ్ ఎ ఫ్యూ క్వశ్చన్స్’ అంటే నాకు కొన్ని ప్రశ్నలు ఉన్నాయని, ‘ఎ’ తీసేస్తే నాకు అడగడానికి పెద్దగా ప్రశ్నలేమీ లేవని. ‘లిటిల్’, ‘ఎ లిటిల్’ మధ్య కూడా ఇదే తేడా. ‘ఐ హ్యావ్ లిటిల్ ఎక్స్‌పీరియన్స్’ అని ఇంటర్వ్యూలో చెబితే, అనుభవం లేదని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. మీ రెండో వాక్యంలోని ‘లాస్ట్ ఇయర్’ను మాత్రం ముట్టుకోకండి, అది సరిగ్గా ఉంది. దానికి ‘ది’ చేరిస్తే నిరుటి సంవత్సరం కాక ఇప్పటికి గడిచిన పన్నెండు నెలలు అన్న అర్థం వస్తుంది.

ఇంత చిన్న మాటకు అంత విలువ ఉంటుందా అని మీకు అనిపిస్తే, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1967 నవంబరులో ఆమోదించిన 242వ తీర్మానాన్ని గుర్తు చేస్తాను. ఆక్రమించిన భూభాగాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలని చెప్పిన ఆ వాక్యపు ఇంగ్లిష్ పాఠంలో ‘టెరిటరీస్’ ముందు ‘ది’ లేదు, ఫ్రెంచి పాఠంలో మాత్రం ఆర్టికల్ ఉంది. వైదొలగవలసింది అన్ని భూభాగాల నుంచా, కొన్నింటి నుంచా అన్న వాదన ఆ లోపించిన ఒక్క మాట చుట్టూ దశాబ్దాలుగా నడుస్తోంది. మీ ఎస్‌ఓపీ మీద అంతటి వివాదం రాదు గానీ, ఇంగ్లిష్ సామర్థ్యాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్ష రాసే ఉద్దేశం ఉంటే ఈ లెక్క కూడా చూడండి: రైటింగ్‌లో మార్కులను నాలుగు ప్రమాణాలకు సమానంగా పంచుతారు, వాటిలో ఒకటి వ్యాకరణ వైవిధ్యం, కచ్చితత్వం. అంటే రైటింగ్ మార్కుల్లో 25 శాతం దానివే. ఆర్టికల్స్ అందులో ఒక భాగం మాత్రమే అయినా, దాదాపు ప్రతి వాక్యంలోనూ ఎదురవుతాయి కాబట్టి అక్కడి తప్పులు త్వరగా పోగుపడతాయి.

పేర్ల విషయంలో తర్కం కొంతవరకే పనిచేస్తుంది, మిగతాది వాడుకను బట్టి నేర్చుకోవలసిందే. నదులు, పర్వతశ్రేణులు, సముద్రాల పేర్ల ముందు ‘ది’ వస్తుంది, ఒంటరి శిఖరాలకు, సరస్సులకు రాదు. దేశాల పేర్లకు సాధారణంగా ఉండదు, యునైటెడ్ స్టేట్స్, యునైటెడ్ కింగ్‌డమ్, నెదర్లాండ్స్ వంటివి మినహాయింపులు. మీకు వెంటనే అవసరమయ్యేది విశ్వవిద్యాలయాల పేర్లు: ‘ది యూనివర్సిటీ ఆఫ్ ఆక్స్‌ఫర్డ్’ అంటారు, అదే ‘ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ’ అని తిప్పి రాస్తే ‘ది’ ఉండదు. మీరు దరఖాస్తు చేసే ప్రతి సంస్థ పేరునూ ఆ సంస్థ తన గురించి తాను వాక్యంలో ఎలా రాసుకుందో చూసి, అలాగే రాయండి.

ఒక వెసులుబాటు కూడా చెప్పాలి. రెజ్యూమేలో ఒక్కో పంక్తిగా రాసే అంశాల్లో ఆర్టికల్స్ వదిలేయడం అందరూ అంగీకరించిన పద్ధతి. ‘డిజైన్డ్ టెస్ట్ రిగ్ ఫర్ వాటర్ పంప్స్’ అని రాస్తే ఎవరూ తప్పు పట్టరు, కాకపోతే ఒక పంక్తిలో పెట్టి మరో పంక్తిలో వదిలేయకుండా అంతటా ఒకే పద్ధతి పాటించాలి. ఆ క్లుప్తత ఎస్‌ఓపీకి, కవర్ లెటర్‌కు, ఈమెయిల్‌కు పనికిరాదు. రెజ్యూమే ముందు రాసి, అదే పంక్తులను పొడిగించి ఎస్‌ఓపీ తయారు చేసేవారి వ్యాసాల్లో ఆర్టికల్స్ మాయం కావడానికి ఇదొక కారణం, మీరూ అలాగే చేశారేమో ఒకసారి చూసుకోండి.

కోర్సు విషయానికి వస్తే, ఇందుకోసం చేరవద్దనే చెబుతాను. గడువు ఆరు వారాలు ఉండగా మూడు నెలల కోర్సు లెక్కకే కుదరదు, పైగా స్పోకెన్ ఇంగ్లిష్ తరగతుల్లో ఆర్టికల్స్‌కు దొరికే సమయం తక్కువ. దానికి బదులు మీ ఎస్‌ఓపీని ప్రింట్ తీసి, అందులోని ప్రతి నామవాచకం కింద పెన్సిల్‌తో గీత గీయండి. ఒక్కో గీత దగ్గర ఆగి, ఇది ఫలానాదని చదివేవారికి తెలుసా, తెలియకపోతే ఇది లెక్కించదగిన ఏకవచనమా అని చూసుకోండి. తెలిస్తే ‘ది’, తెలియని ఏకవచనమైతే ‘ఎ’ లేదా ‘యాన్’, తెలియని బహువచనమో లెక్కించలేనిదో అయితే మామూలుగా ఏమీ ఉండదు. ‘మై’, ‘దిస్’, ‘యువర్’ వంటి మాట ముందే ఉంటే ఆ చోటును వదిలేయండి, వాటితో పాటు ఆర్టికల్ రాదు. మొదటి పేజీకి గంట పట్టినా ఆశ్చర్యపడకండి. రోజుకు ఒక పేరా చొప్పున చేసినా గడువుకు చాలా ముందే పూర్తవుతుంది. దిద్దిన ప్రతిని మళ్లీ అదే సీనియర్‌కు ఇచ్చి, ఈసారి తప్పులను దిద్దకుండా పంక్తి పక్కన గుర్తు మాత్రమే పెట్టమని అడగండి, దిద్దడం మీ చేత్తో జరగాలి. ఇంటర్వ్యూలో మాట్లాడేటప్పుడు మాత్రం ఈ పెన్సిల్‌ను ఇంట్లో వదిలి వెళ్లండి. ఒక ‘ది’ జారిపోయిందని వాక్యం మధ్యలో ఆగి వెనక్కు వెళ్లి దిద్దుకుంటే, ఎదుటివారు గమనించని తప్పును మీరే చూపించినట్టు అవుతుంది.