పరుగు చూసి పిల్లల్ని ఏరకు అల్లుడూ

ఒరే అల్లుడూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా. అండర్-13 ఫుట్‌బాల్ బ్యాచ్ నీ చేతికిచ్చారంటే చాలా సంతోషం వేసింది. కానీ సెలెక్షన్స్‌లో ముందు అందరికీ 30 మీటర్ల స్ప్రింట్, బీప్ మోగేలోపు అటూ ఇటూ పరిగెత్తే బీప్ టెస్ట్ పెట్టేసి, టైమింగ్ రాని గుంటల్ని అక్కడికక్కడే ఇంటికి పంపేస్తా మావయ్యా అన్నావ్ చూడు, ఆ మాట దగ్గర నాకు మనసు ఒప్పలేదు. ఫోన్లో చెప్తే సగం గాలికి పోద్ది, అందుకే టైప్ చేస్తున్నా. పొడుగైపోయినా తీరిగ్గా చదువు.

ఇప్పుడు ఫుట్‌బాల్ అంతా అథ్లెట్లదే, స్కిల్ ఎంతున్నా ఒంట్లో బలం లేకపోతే ఎవడూ పట్టించుకోడు అన్నావ్. నువ్వు చూసింది నిజమే రా, కాదనను. 2006లో స్పెయిన్ క్లబ్ విల్లారియల్‌ని యూరప్ క్లబ్‌ల ఛాంపియన్స్ లీగ్ సెమీస్ దాకా మోసుకెళ్ళాడే అర్జెంటీనా వాడు రికెల్మే, వాడి ఆట గుర్తుందా, బంతిని అరికాలి కింద పెట్టుకుని, ఒళ్ళు అడ్డం పెట్టి, నిదానంగా తలెత్తి, ఎవడు ఎటు పరిగెడుతున్నాడో చూసి అప్పుడు వదిలేవాడు పాస్. ఇవాళ అలా ఆగితే ముగ్గురొచ్చి మీద పడతారు. రంగ్నిక్, క్లాప్ లాంటి జర్మనీ కోచ్‌లు బంతి పోయిన మరుక్షణమే అందరూ కలిసి మీదకి దూకాలి అనే ఆట నేర్పారు, దాన్ని మిగతా వాళ్ళూ పట్టుకున్నారు. దానికి తోడు కరోనా టైంలో 2020లో తాత్కాలికమని తెచ్చిన ఐదు సబ్‌స్టిట్యూషన్ల రూల్‌ని 2022లో పర్మనెంట్ చేసేశారు. అంటే సగం అవుట్‌ఫీల్డ్ టీమ్‌ని మ్యాచ్ మధ్యలో మార్చేయొచ్చు, అలిసిపోయిన వాడి జాగాలో తాజా కాళ్ళు వస్తాయి, డెబ్భయ్యో నిమిషంలో కూడా ఈ మీదకి దూకే ప్రెస్సింగ్ తగ్గదు. వెనకటికి చివరి ఇరవై నిమిషాల్లో డిఫెండర్లు నీరసపడితే టెక్నిక్ ఉన్నవాడు వాళ్ళని ఆడుకునేవాడు, ఆ ఇరవై నిమిషాలు ఇప్పుడు పోయాయి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఐతే సైడ్ లైన్ నుంచి చేతుల్తో గోల్ ముందుకి విసిరే లాంగ్ త్రోలు కూడా తిరిగొచ్చేశాయి, కార్నర్ల కోసమే ప్రత్యేకంగా కోచ్‌లని పెట్టుకుంటున్నారు. ఆరడుగులు దాటిన వాళ్ళు ఐదారుగురు గోల్‌కీపర్ మీదకెళ్ళి నిలబడుతుంటే చూడ్డానికి నాకైతే బాధగానే ఉంటుంది.

అయినా నువ్వు సగం లెక్కే చూశావ్. 2006-07 నుంచి 2012-13 దాకా ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు కొలిచి చేసిన స్టడీ ఒకటుంది. ఒక్కో ఆటగాడు మ్యాచ్ మొత్తంలో పరిగెత్తిన దూరం పెద్దగా మారలేదు, పది పదకొండు కిలోమీటర్ల దగ్గరే ఉంది, కానీ అందులో బాగా స్పీడ్‌గా పరిగెత్తిన దూరం 30 శాతం దాకా పెరిగింది, స్ప్రింట్‌లు ఇంకా ఎక్కువ పెరిగాయి. అందరూ ఇక్కడితో ఆగి, చూశారా అథ్లెట్ల ఆట అంటారు. అదే స్టడీలో ఒక్కో ఆటగాడు మ్యాచ్‌కి ఇచ్చిన పాస్‌లు 25 దగ్గర్నుంచి 35కి పెరిగాయని, అందులో సరిగ్గా చేరినవి కూడా ఎక్కువయ్యాయని ఉంది. పరుగు పెరిగింది, పాస్‌లూ పెరిగాయి. మరి తగ్గిందేటి అంటే టైం. బంతి నీ కాలి దగ్గర ఉండే ఆ రెండు సెకన్లు ఒక సెకనైపోయింది. రికెల్మే రెండు సెకన్లలో చేసే పనిని ఇప్పటివాడు ఒక్క సెకనులో, అదీ పరిగెడుతూ, వెనక నుంచి తోస్తుంటే చెయ్యాలి. అంటే స్కిల్ ముందుకన్నా ఎక్కువే కావాలి కదరా.

2025 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ గుర్తు తెచ్చుకో, పారిస్ క్లబ్ పీఎస్‌జీ 5-0తో ఇటలీ క్లబ్ ఇంటర్‌ని కొట్టింది, ఫైనల్‌లో అంత తేడా ఎప్పుడూ రాలేదు. వాళ్ళ మిడ్‌ఫీల్డ్‌లో విటిన్యా, జువావ్ నెవెస్ ఇద్దరూ ఐదడుగుల ఎనిమిది, తొమ్మిది అంగుళాల వాళ్ళే, మన కంచరపాలెం సందుల్లో నడిచెళ్తే ఎవడూ తిరిగి చూడడు. ముందు డెంబెలే ఇంటర్ గోల్‌కీపర్ మీదకి పరిగెత్తిన పరుగు చూశావా, బంతిని కాళ్ళతో తిప్పుకుంటూ తప్పించుకెళ్ళే డ్రిబ్లింగ్‌కి పేరున్న ఆటగాడు అందరికన్నా ముందు తనే ప్రెస్ చేశాడు. 2024 యూరో కప్‌లో ఏడుకి ఏడు మ్యాచ్‌లూ గెలిచిన స్పెయిన్ సంగతీ అంతే. ఫ్రాన్స్ మీద సెమీస్‌లో వాళ్ళ యమాల్ పెనాల్టీ బాక్స్ బయట నుంచి ఎడమకాలితో తిప్పి కొట్టాడు, అప్పటికి వాడికి పదహారేళ్ళే. ఫ్రాన్స్ వాళ్ళకి బలం తక్కువా, స్పీడ్ తక్కువా? నీ మాటకి బలమిచ్చే మ్యాచ్ కూడా చెప్తా, 2024 యూరోపా లీగ్ ఫైనల్. 51 మ్యాచ్‌లు ఓటమి లేకుండా వచ్చిన జర్మనీ క్లబ్ లెవర్కూసెన్‌ని ఇటలీ క్లబ్ అటలాంటా గ్రౌండంతా మనిషికి మనిషి వెంటపడి ఊపిరి తీసుకోనివ్వకుండా 3-0తో ఓడించింది. అక్కడ కాళ్ళ సత్తువే పని చేసింది, ఒప్పుకుంటా, కానీ ఆ మూడు గోల్స్ కొట్టిన లుక్‌మన్ ఫినిషింగ్ ఒకసారి చూడు, ఉత్త పరుగుతో వచ్చేది కాదది.

ఇక నీ సెలెక్షన్స్ సంగతి. పన్నెండు, పదమూడేళ్ళ మగపిల్లలు ఒకే క్లాసులో ఉన్నా ఒకే వయసు కాదురా. ఒకడికి మీసం మొలుస్తుంటుంది, ఇంకోడికి పాలబుగ్గలు పోవు. ఒళ్ళు జోరుగా పెరిగేది సగటున పద్నాలుగో ఏడు అటూ ఇటూ, కొందరికి ముందు, కొందరికి చాలా ఆలస్యం, పుట్టిన తేదీ ఒకటే ఐనా ఎముకల వయసులో నాలుగేళ్ళ తేడా ఉండొచ్చు. నువ్వు స్టాప్‌వాచ్ పెట్టి కొలిచేది వాడు ఎంత ముందు పెరిగాడన్నదే, ఎంత ఆడగలడన్నది కాదు. మన దగ్గర వయసు తగ్గించి సర్టిఫికెట్ తెచ్చేవాళ్ళ గోల వేరే, దాని గురించి ఇక్కడ మొదలెడితే తెల్లారిపోద్ది. జిల్లా స్థాయి మ్యాచ్‌లన్నిట్లో నేను చూసే బొమ్మ ఒకటే, వెనక నుంచి ఒకడు లాగి తంతాడు, ముందున్న పొడుగు గుంటడు అందరికన్నా స్పీడ్‌గా వెళ్ళి గోల్ కొట్టేస్తాడు, నాలుగు, ఐదు, ఆరు. అమ్మానాన్నలు చప్పట్లు, కోచ్ ఖుషీ. పదహారొచ్చేసరికి మిగతావాళ్ళూ పెరుగుతారు, అప్పుడు ఆ పిల్లోడికి ఎడమకాలితో ఆడ్డం రాదు, వచ్చిన బంతిని మొదటి టచ్‌లోనే అదుపు చెయ్యడం రాదు, వెనక్కి తిరిగి ఆడ్డం రాదు, ఎందుకంటే నాలుగేళ్ళు వాడికి వాటి అవసరమే రాలేదు. పాపం వాడికీ అన్యాయమే జరిగింది. మోడ్రిచ్‌ని చిన్నప్పుడు బక్కగా ఉన్నాడని వాళ్ళ క్రొయేషియా క్లబ్ హైదుక్ స్ప్లిట్ వద్దంది, 2018లో ప్రపంచంలోనే మేటి ఆటగాడికిచ్చే బలాన్ డి ఓర్ తీసుకున్నాడు. గ్రీజ్‌మన్‌ని సొంత దేశంలో ఎన్నో క్లబ్‌లు పొట్టివాడని పంపేస్తే స్పెయిన్ వెళ్ళి ఆట నేర్చుకుని ఫ్రాన్స్‌కే వరల్డ్ కప్ తెచ్చిపెట్టాడు. ఇంగ్లండ్ అకాడమీల్లో ఇప్పుడు వయసుతో కాకుండా ఒంటి ఎదుగుదలతో గ్రూపులు కట్టి కూడా ఆడిస్తున్నారు. నువ్వూ నెలకోసారి ఎత్తు కొలిచి రాసుకో, అప్పుడప్పుడూ ఒకే సైజు పిల్లల్ని కలిపి ఆడించు, ఎవడి దగ్గర ఏముందో అప్పుడు బయటపడుద్ది.

ఐతే ఏం చూడాలి మావయ్యా అంటావ్. బంతి వచ్చే ముందు చూడు, వచ్చాక కాదు. డిసెంబర్లో జాలరిపేట పిల్లలు తడి ఇసక మీద ఆడుతుంటే కాసేపు నిలబడ్డా. అందులో ఒక బక్క గుంటడు, చెప్పుల్లేవు, బంతి వాడి వైపు బయల్దేరగానే ఎడమ భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి చూశాడు, ఒళ్ళు కాస్త పక్కకి తిప్పి, దగ్గర కాలు వదిలేసి దూరం కాలితో బంతిని తీసుకుంటూ అదే టచ్‌లో ముందుకి తోశాడు. వాడికన్నా తల పొడుగున్నవాడు ట్యాక్లింగ్‌కి వచ్చేసరికి బంతీ లేదు, మనిషీ లేడు. వాడికి 30 మీటర్ల టెస్ట్ పెడితే కచ్చితంగా ఫెయిల్, కానీ ఆ ఐదు మీటర్లలో వాడిని పట్టుకోలేకపోయారు. నార్వేలో గైర్ జోర్డెట్ అనే ప్రొఫెసర్ మిడ్‌ఫీల్డర్ల తలకాయల్ని వీడియోల్లో గమనించి, బంతి అందే ముందు ఎక్కువసార్లు చుట్టూ చూసేవాళ్ళకే పాస్‌లు ఎక్కువ కుదురుతున్నాయని చూపించాడు. దీన్ని నేర్పొచ్చు. పాస్ ఇచ్చే టైంలో వాడి వెనక నువ్వు నిలబడి చేతివేళ్ళు ఎత్తు, బంతి తీసుకునేలోపు ఎన్ని వేళ్ళో చెప్పమను. వారంలో మెడ దానంతటదే తిరగడం మొదలవుద్ది.

ఇదేం కొత్త విద్య కాదు. మన హైదరాబాద్ రహీం సాబ్, బడి పంతులు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో ప్లేస్‌కి, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్‌కి తీసుకెళ్ళిన మనిషి, ఆయన ఏం చేసేవాడో తెలుసా, డ్రిబ్లింగ్ చెయ్యకూడదని రూల్ పెట్టి టోర్నమెంట్లు ఆడించేవాడు, చేతకాని కాలితోనే ఆడాలని ఇంకోటి, పొట్టిపిల్లలకి మాత్రమే అని ఇంకోటి. బంతి తొందరగా వదలడం, రెండు కాళ్ళూ వాడడం, చిన్న ఒంటివాడికీ ఛాన్స్ ఇవ్వడం, నువ్వు ఇవాళ యూట్యూబ్‌లో వెతికేవన్నీ డెబ్భై ఏళ్ళ కింద ఆయన చేసి చూపించేశాడు. అప్పటి ఇండియా ఆటగాడు, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం అలాంటి వాతావరణంలోంచే వచ్చాడు.

నీ ప్రాక్టీస్ ఎలా ఉండాలంటే, ముందు రోండో, నలుగురు చుట్టూ ఇద్దరు మధ్యలో, ఎనిమిది మీటర్ల గడితో మొదలెట్టి కుదురుకునే కొద్దీ కుదించు. గడి కుదిస్తే టైం తగ్గుద్ది, అదే నువ్వు చెప్పే మోడ్రన్ స్పీడ్. మధ్యలో ఉన్నోళ్ళు బంతి లాక్కోగానే పోగొట్టుకున్న నలుగురూ వెంటనే వెనక్కి లాక్కోవాలి అని రూల్ పెట్టు, ప్రెస్సింగూ అందులోనే నేర్చుకుంటారు, వేరే క్లాసు అక్కర్లేదు. తర్వాత నలుగురికి నలుగురు, చిన్న గోల్స్. గోడ ఉంటే గోడకి కొట్టించు, వారానికి ఒకరోజు ఎడమకాలే. పదకొండు మందికి పదకొండు మంది పెద్ద గ్రౌండ్ ఆట ఈ వయసులో ఎంత తగ్గిస్తే అంత మంచిది, గంటాడినా బక్కోడికి బంతి పదిసార్లు కూడా అందదు.

పరుగు మానేయమన్నానని మాత్రం అనుకోకు, అలా తప్పుగా అర్థం చేసుకోవద్దు. స్పీడ్ కావాలి, కచ్చితంగా కావాలి, నేర్పాలి కూడా. కానీ గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొట్టిస్తే స్పీడ్ రాదు, విసుగొస్తది. పది, ఇరవై మీటర్ల స్ప్రింట్ పూర్తి స్పీడ్‌తో, మధ్యలో నిమిషం దాకా రెస్ట్, ఐదారు సార్లు చాలు, బాగా ఆయాసపడుతూ చేస్తే అది స్పీడ్ ప్రాక్టీస్ అవ్వదు. ఆర్కే బీచ్‌లో పొడి ఇసకలో స్ప్రింట్‌లు పెట్టే అలవాటు మన వైజాగ్‌లో చాలామందికి ఉంది, పిల్లలకి మడమ దగ్గర, పిక్కల్లో నొప్పులొస్తాయి, తడి ఇసక మీద తేలిగ్గా జాగింగ్ చేయించు చాలు. మొదట్లో ఫిఫా 11 ప్లస్ వార్మప్ పెట్టు, పిల్లల వెర్షన్ వేరే ఉంది, దెబ్బలు తగ్గుతాయని స్టడీలు గట్టిగానే చెప్తున్నాయి. ఎవడైనా మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి అంటే, ఒకసారి వేలుతో నొక్కి చూడు, ఉలిక్కిపడితే ఆ వారం గెంతడాలు, షూటింగ్‌లు ఆపేయి, వాడు పొడుగవుతున్నాడన్నమాట. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించమను. ఉక్కపోత సంగతి నీకు చెప్పక్కర్లేదు, ఏప్రిల్ నుంచి పొద్దున్న ఏడున్నర దాటాక ఆడించకు, ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ దగ్గర పెట్టుకో. ఇంటి దగ్గర చోడి అంబలి, గుడ్లు, మన చేపలు తింటే చాలు, ఈ వయసులో ప్రోటీన్ డబ్బాలు ఎవడు అమ్మొచ్చినా కొననివ్వకు.

అమ్మానాన్నలు అడుగుతారు, మావాడు కొట్టిన గోల్స్ ఎన్ని అని. మొదటి మీటింగ్‌లోనే చెప్పేయి, ఈ ఏడు స్కోర్ రాయను, పిల్లాడు రెండు కాళ్ళతో ఎన్ని పాస్‌లు ఇచ్చాడో రాస్తా అని. ఒకరిద్దరు పిల్లల్ని తీసుకుని వేరే కోచింగ్‌కి పోతారు, పోనీ. ఓడిపోతే క్లబ్ వాళ్ళు కూడా నిన్ను అంటారు, నాకు ఫోన్ చెయ్యి, నేనొచ్చి మాట్లాడతా.

సెలెక్షన్స్ రెండు వారాలు వాయిదా వేసి, ఆ రెండు వారాలూ వచ్చిన ప్రతి పిల్లోడినీ చిన్న గడుల్లో ఆడించి చూడు, అప్పుడు పేర్లు రాయి. నీకిచ్చిన డబ్బుల్తో స్పీడ్ నిచ్చెనలు, పారాచూట్‌లు కొనకు, సైజు 4 బంతులు కొను, మనిషికొకటి వచ్చేలా. డబ్బు చాలకపోతే నా దగ్గర ఇరవై దాకా బంతులున్నాయి, గాలి తగ్గినవి రెండో మూడో ఉంటాయి, పంపు తెచ్చుకుని శనివారం సాయంత్రం రా.

మీ మావయ్య