అప్పు దావా సమన్లు వచ్చాయి, కట్టడానికి డబ్బు లేదు: కోర్టుకి వెళ్ళాలా?

ఒడిశాలోని గుణుపురం నుంచి అడిగిన బాబుకి ఇది నా జవాబు. టిఫిన్ బండి కోసం ప్రైవేటు ఫైనాన్స్‌లో రెండు లక్షలు తీసుకున్నానని, వ్యాపారం సాగక కిస్తీలు ఆగిపోయాయని, ఇప్పుడు కోర్టు సమన్లు వచ్చాయని రాశారు. "వెళ్తే అప్పు ఒప్పుకున్నట్టే, అసలు వెళ్ళకు" అని ఇంట్లో అంటున్నారట. జైల్లో పెడతారా అని కూడా అడిగారు.

వెళ్ళండి బాబూ, తప్పకుండా వెళ్ళండి. కోర్టు మిమ్మల్ని పిలుస్తున్నది డబ్బు మూటతో రమ్మని కాదు. "వీళ్ళు ఇంత రావాలంటున్నారు, నువ్వేమంటావు?" అని అడగడానికి. మీరు వెళ్ళకపోతే వాళ్ళు వేసుకొచ్చిన అంకెకే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ మాట వినకుండానే తీర్పు, అయిపోతుంది. సమన్లు తీసుకోకుండా తలుపు వేసుకున్నా లాభం లేదు. కోర్టు మనిషి తలుపుకి అంటించి, సాక్షుల పేర్లు రాసుకుని వెళ్ళిపోతాడు. అది అందినట్టే లెక్క కట్టవచ్చు.

మాదీ ఒడిశాలోనే, పర్లాకిమిడి, నాకు కుట్టు పనే ఆధారం. మావారి ఆపరేషన్‌కి ఊళ్ళోనే ఒక వడ్డీ వ్యాపారి దగ్గర 80,000 తీసుకున్నాం, రెండు రూపాయల వడ్డీ. ప్రామిసరీ నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టించుకున్నారు. వారం వారం ఒక కుర్రాడు వచ్చి వసూలు చేసి, చిన్న అట్ట కార్డు మీద అంకె వేసి పొట్టి సంతకం చేసి వెళ్ళేవాడు. మావారు మంచం దిగలేకపోవడంతో కొన్నాళ్ళకి కట్టలేకపోయాం. నోటుకి మూడేళ్ళు నిండడానికి నెల ముందు 1,36,000కి దావా వేశారు.

సమన్లు ఒడియాలో ఉన్నాయి. మేం బజారులో ఒడియా గడగడా మాట్లాడతాం, చదవమంటే మాత్రం తడబడతాం. పక్కింటి పాప స్కూలు నుంచి వచ్చి చదివి పెట్టింది. మీ ఇంట్లోనూ అదే పరిస్థితి అయితే ఈరోజే ఎవరిచేతనైనా చదివించండి, రేపటిదాకా ఆగకండి. అందులో మూడు సంగతులు చూడాలి. ఒకటి వాయిదా తేదీ. రెండోది, అది మామూలు దావానా లేక సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 37 కింద వేసిన సమ్మరీ దావానా, అంటే త్వరగా తేల్చేసే దావానా అన్నది. మామూలు దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు వేయాలి, కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా పెంచవచ్చు. సమ్మరీ దావాలో అంత వెసులుబాటు ఉండదు. 10 రోజుల్లోనే హాజరు నమోదు చేయించుకోవాలి, తర్వాత వాదించుకోవడానికి విడిగా అనుమతి అడగాలి. మూడోది, అది చెక్ బౌన్స్ కేసా అన్నది. 138 సెక్షన్ అని ఉంటే అది క్రిమినల్ కేసు, హాజరు కాకపోతే వారెంటు వస్తుంది. నేను కింద రాసేదంతా సివిల్ దావా గురించే.

లాయరుకి డబ్బు లేదని ఆగిపోకండి. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవా సంస్థ ఆఫీసు ఉంటుంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. మిగతావాళ్ళకి ఆదాయ పరిమితి ఉంటుంది, ఆదాయ ధ్రువపత్రం అడుగుతారు. ఫోన్‌లో అయితే 15100. నాకు ఇచ్చిన లాయరమ్మ వయసులో చిన్నదే కానీ కాగితం వదలకుండా చదివింది. నా తరఫున వాదించమని లాయరుకి రాసిచ్చే వకాల్తా మీద సంతకం పెట్టాక నాకు కోర్టు ఫీజు అంటూ ఏమీ పడలేదు. అది దావా వేసినవాళ్ళు కట్టుకోవాల్సింది.

ఆవిడ మొదట అడిగింది దావా కాపీ, దానితో జతచేసిన ప్రామిసరీ నోటు కాపీ. నోటు తిప్పి చూస్తే వెనక ఖాళీ. మేం కట్టినదానికి ఒక్క చెల్లు కూడా రాయలేదు. మా అట్ట కార్డు పక్కన పెట్టి కూడితే మేం కట్టింది 34,000 దాకా తేలింది. దావాలో మాత్రం మొత్తం 80,000 మీద 35 నెలల వడ్డీ, నెలకి 1,600 చొప్పున, పైసా కట్టనట్టు లెక్క వేశారు. నేను ఆ రోజు కోర్టుకి వెళ్ళకపోయి ఉంటే ఆ 34,000 గాలికి పోయేవే. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను. మీ దగ్గరున్న రసీదులు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, బ్యాంకు పాస్‌బుక్, వసూలు కుర్రాడు పంపిన వాట్సాప్ మెసేజీలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి.

"ఒప్పుకున్నట్టే" అనే భయానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. జవాబులో ప్రతి పేరాకీ విడివిడిగా రాయాలి, ఇది నిజం, ఇది కాదు, ఇంత కట్టాం అని. అప్పు తీసుకున్నది నిజమైతే నిజమనే రాయండి. దేన్ని కాదనలేదో దాన్ని ఒప్పుకున్నట్టు కోర్టు తీసుకుంటుంది. అంటే ఇంట్లో కూర్చోవడమే అసలైన ఒప్పుకోలు. ఇంకో రెండు ప్రశ్నలు కూడా లాయరుచేత వేయించండి. ఆఖరిసారి కట్టినప్పటి నుంచి లేదా రాసిచ్చినప్పటి నుంచి మూడేళ్ళు దాటాక దావా వేశారా? దాటితే కాలదోషం పడుతుంది, అంటే గడువు మీరిన దావా అవుతుంది. అప్పిచ్చినది వడ్డీ వ్యాపారి అయితే, ఒడిశా మనీ లెండర్స్ చట్టం కింద అతనికి రిజిస్ట్రేషన్ ఉందా? మాకు అప్పిచ్చిన వ్యాపారి ఈ రెండో ప్రశ్న రాగానే మాట మెత్తబరిచాడు.

ఈలోగా ఎవరైనా ఇంటికొచ్చి "ఒక సంతకం పెట్టు, కేసు వెనక్కి తీసుకుంటాం" అంటే పెట్టకండి. కాలదోషం పట్టిన అప్పుకి కూడా కొత్తగా రాసిస్తే మళ్ళీ ప్రాణం వస్తుంది. ఖాళీ కాగితం మీద సంతకం అసలే వద్దు.

మా వైపు ఇంకో చిక్కు ఉంది. పర్లాకిమిడి, పాతపట్నం పక్కపక్కనే, ఇటు ఒడిశా, అటు ఆంధ్ర. అక్కడ అప్పు తీసుకున్నవాళ్ళు "దావా ఆంధ్ర కోర్టులో కదా, మన జోలికి రాదు" అనుకుంటారు. వస్తుంది. లావాదేవీ జరిగిన చోట కూడా దావా వేయవచ్చు, అక్కడి డిక్రీని అమలుకోసం ఇక్కడి కోర్టుకి బదిలీ చేయించుకోవచ్చు. ఆ కోర్టుకి అధికారం లేదని మీకు అనిపిస్తే ఆ మాట మొదట్లోనే చెప్పాలి.

ఇక జైలు సంగతి. డిక్రీ డబ్బు కట్టనందుకు పెట్టే సివిల్ జైలు చట్టంలో ఉంది, లేదని మిమ్మల్ని మభ్యపెట్టను. కానీ అది కట్టే స్తోమతు ఉండి ఎగ్గొట్టేవాళ్ళకి, ఆస్తి దాచేవాళ్ళకి. పేదరికం ఒక్కటే కారణంగా మనిషిని జైలుకి పంపకూడదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. డబ్బు డిక్రీకి ఆడవాళ్ళని అరెస్టు చేయడానికి వీల్లేదు. అయితే డిక్రీ తర్వాత ఆస్తుల వివరాలు అఫిడవిట్‌గా, అంటే ప్రమాణం చేసి రాసిన పత్రంగా, ఇమ్మని కోర్టు ఆదేశిస్తే ఇచ్చి తీరాలి. అది ఇవ్వకపోతే అందుకే లోపల వేయవచ్చు. ఏమీ లేకపోతే ఏమీ లేదనే రాసి ఇవ్వండి.

జప్తుకి వచ్చినా అన్నీ ఎత్తుకుపోలేరు. ఒంటి మీద బట్టలు, పరుపులు, వంట పాత్రలు, ఆచారం ప్రకారం ఆడవాళ్ళు తీయకూడని నగలు, అంటే మంగళసూత్రం లాంటివి, చేతిపనివాళ్ళ పనిముట్లు, రైతుకైతే దుక్కి సామాను, పశువులు జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెప్తుంది. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టకుండా చేసింది నా కుట్టు మిషనే. అది పోతే తిండి ఎలా అని. లాయరమ్మ ఆ సెక్షన్ చదివి వినిపించాక ఆ టెన్షన్ తగ్గింది. మీ బండి, స్టవ్వు కూడా పనిముట్లేనని వాదించమని మీ లాయరుని అడగండి.

ఎవరో ఐపీ పెట్టమని సలహా ఇస్తారు. 1920 నాటి దివాలా చట్టం కింద జిల్లా కోర్టులో వేసేది అది. ఒక్క అప్పు కోసం దానికి తొందరపడవద్దని నా అభిప్రాయం. ముందు వాయిదాల మీద కట్టే దారి చూడండి. డిక్రీ ఇచ్చేటప్పుడే వాయిదాలు ఇమ్మని కోర్టుని అడగవచ్చు. డిక్రీ అయ్యాక అయితే అవతలివాళ్ళు ఒప్పుకోవాలి. అందుకే ముందే అడగడం మేలు. వ్యాపార అవసరానికి కాని అప్పుకి డిక్రీ తర్వాత వడ్డీ ఏడాదికి 6 శాతం మించకూడదు. మీది వ్యాపార పెట్టుబడి కాబట్టి ఎక్కువ అడుగుతారు, ఆ మాట ముందే లాయరుతో మాట్లాడుకోండి.

మాది లోక్ అదాలత్‌లో, అంటే ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేసే చోట, తేలింది. వాళ్ళు లక్ష దగ్గర మొదలుపెట్టారు. మేం కార్డు బల్లమీద పెట్టాం. చివరికి 60,000, నెలకి 3,000 చొప్పున. ఇక్కడ ఒక్క జాగ్రత్త: లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి ఎదుటివాళ్ళ ముఖం చూసి మొహమాటపడి నెలకి 5,000కి ఒప్పుకోవద్దు. వానాకాలంలో బండి నడవని నెలలో కూడా ఎంత కట్టగలరో ఆ అంకె చెప్పండి. ఒక వాయిదా తప్పితే మొత్తం ఒకేసారి కట్టాలన్న షరతు పెట్టబోతారు. రెండు వాయిదాల గడువు అడగండి, మాకు ఇచ్చారు.

ఇప్పటికే ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోయినవాళ్ళు ఇది చదువుతుంటే, దాన్ని రద్దు చేయమని 30 రోజుల్లో పిటిషన్ వేయవచ్చు. సమన్లు సరిగా అందలేదని చూపించగలిగితే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ 30 రోజులు. కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకీ విడిగా ఉండే నంబరు, కొట్టి చూసుకోవచ్చు.

డిక్రీ అయ్యాక కట్టే ప్రతి రూపాయీ కోర్టు ద్వారా గానీ బ్యాంకు ద్వారా గానీ కట్టండి. కోర్టు బయట చేతికిచ్చి, కోర్టులో నమోదు చేయించకపోతే, అమలు పిటిషన్ వేసినప్పుడు ఆ చెల్లింపుని కోర్టు లెక్కలోకి తీసుకోదు. బయట కట్టాల్సి వస్తే రసీదు తీసుకుని 30 రోజుల్లోపు కోర్టుకి తెలియజేయాలి. ఆఖరి వాయిదా కట్టాక, పూర్తిగా చెల్లయిందని రికార్డులో రాయించి దాని కాపీ తీసుకోండి. అప్పు తీసుకున్నప్పుడు మీ సంతకంతో ఖాళీ చెక్కులు ఏవైనా ఇచ్చి ఉంటే అవి కూడా ఆ రోజే అడిగి వెనక్కి తెచ్చుకోండి.