రెగ్రెషన్ లోపం బయటపడ్డాక కూడా ఎస్‌ఎస్‌హెచ్‌ని నమ్మొచ్చా?

నమ్మొచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరంగా ఉన్న సర్వర్లలోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి, నేను ఇప్పటికీ రోజంతా అందులోనే ఉంటాను. ఆ లోపం కన్నా దాని పేరు చెప్పి మా ఆఫీసులో జరిగిన హడావిడే నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చింది.

2024 జులై 1న క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో (ఎక్కువమంది వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం) దీన్ని బయటపెట్టారు, లోపాల జాబితాలో నంబరు సీవీఈ-2024-6387. మామూలుగా 120 సెకన్లలో లాగిన్ పూర్తి కాకపోతే సర్వర్‌లో నడిచే ఎస్‌ఎస్‌హెచ్‌డీ ప్రోగ్రాంకి అలారం సిగ్నల్ వస్తుంది, ఆ సిగ్నల్ అందుకున్న ఫంక్షన్ లాగ్ రాయడానికి సిస్‌లాగ్ అనే ఫంక్షన్‌ని పిలుస్తుంది, గ్లిబ్‌సీలో (లినక్స్‌లో వాడే సి లైబ్రరీ) అదేమో మళ్లీ మెమరీ పంచే మాలోక్ జోలికి పోతుంది. సరిగ్గా అప్పుడే అసలు ప్రోగ్రాం మెమరీ సర్దుకుంటూ ఉందనుకోండి, పోపులపెట్టె సర్దేవాళ్ల చేతిలోంచి జీలకర్ర లాక్కున్నట్టే, హీప్ (ప్రోగ్రాం వాడుకునే మెమరీ) అంతా కలగాపులగం. దాడి చేసేవాడు అక్కణ్నుంచి రూట్ దాకా, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం దాకా పోవచ్చు. 2006లో సరిచేసిన తప్పే ఇది, 2020లో కోడ్ మార్చేటప్పుడు ఇఫ్‌డెఫ్ అనే ఒక షరతు లైను ఎగిరిపోయి మళ్లీ వచ్చి కూర్చుంది, అందుకే రెగ్రెషన్ అనే పేరు. కాకపోతే క్వాలిస్ చేసి చూపించింది 32 బిట్ మెషీన్ మీద, అదీ సగటున 10,000 ప్రయత్నాలకు ఒకసారి.

మేం ప్యాచ్ వెంటనే వేసేశాం. మర్నాడు సెక్యూరిటీ టీమ్ నుంచి లోపాలు వెతికే స్కానర్ రిపోర్టు, ఉబుంటు 22.04 (ఒక రకం లినక్స్) సర్వర్లన్నీ ఎర్రగా! ప్యాచ్ వేసినా ఉబుంటు వాళ్లు 8.9పీ1 అనే వెర్షన్ పేరు అలాగే ఉంచి చివర తోక మాత్రం మారుస్తారు, ఆ తోక, కనెక్ట్ కాగానే సర్వర్ పంపే బ్యానర్‌లో కనబడుతూనే ఉంటుంది, కానీ స్కానర్ అంత దూరం చదవదు. స్క్రీన్ షేర్ చేసి ఆ మార్పుల చిట్టాలో (చేంజ్‌లాగ్) ఆ సీవీఈ నంబరు మీద మౌస్ పెట్టి మరీ చూపించాను. "అదంతా నాకెందుకండీ, రిపోర్టులో ఎరుపు పోవాలి, 9.8 కంపైల్ చేసి పెట్టేయండి" అన్నాడు ఆ టీమ్ ఆయన. 9.8 అంటే లోపం సరిచేసిన వెర్షన్. చేత్తో కంపైల్ చేస్తే, అంటే సోర్స్ కోడ్ నుంచి మనమే తయారుచేసుకుంటే, రేపు వచ్చే అప్‌డేట్లు ఎవరు వేస్తారు, ఆయనా?

ఇంకో తమాషా, మూలన పడున్న సెంటాస్ 7 (పాత లినక్స్) డబ్బాకు మాత్రం పచ్చ టిక్కు. దాంట్లో ఉన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.4, ఈ లోపం పుట్టకముందుది. సెంటాస్ 7కి సపోర్టు మాత్రం లోపం బయటపడ్డ ముందురోజే, జూన్ 30న, ముగిసింది. దాని గురించి ఒక్కరూ నోరెత్తలేదు.

మీ దగ్గర ప్యాచ్ వేయలేని మెషీన్ ఉంటే ఎస్‌ఎస్‌హెచ్‌డీ సెట్టింగుల్లో లాగిన్‌గ్రేస్‌టైమ్ (ఆ 120 సెకన్ల గడువు) 0 పెట్టండి, దాడి చేసేవాడు కోడ్ నడిపే దారి మూసుకుపోతుంది. అయితే ఎవడైనా ఊరికే కనెక్షన్లు తెరిచి పెట్టి మిమ్మల్ని బయట నిలబెట్టగలడు, అందుకని ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22 పోర్టును ముందు వీపీఎన్ వెనక్కి తీసుకెళ్లండి.