కారు 60 దాటితే డిక్కీ వైపు నుంచి బూమ్‌మని మోత, టైర్లు మార్చమంటున్నారు. నిజంగా టైర్లేనా?

టైర్లకు డబ్బులు కట్టే ముందు ఒక్క ఆదివారం ఆగండి.

మీరు చెప్పింది ఇదీ: సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఐదు డోర్ల చిన్న కారు, స్పీడు 60 దాటగానే వెనక నుంచి బూమ్‌మని మోత, చెవులు దిబ్బడ పడ్డట్టు అవుతున్నాయి, అలైన్‌మెంట్ చేయించినా తగ్గలేదు, ఇప్పుడు నాలుగు టైర్లూ మార్చమంటున్నారు. రెండేళ్ళ కింద నా పరిస్థితి అచ్చం ఇదే. నేను ఆగలేదు. వెనక రెండు టైర్లు మార్చాను, 9,000 రూపాయలు పోయాయి, మోత మాత్రం అట్లాగే ఉంది. ఆఖరికి దాన్ని ఆపినవి జత 180 రూపాయల రబ్బరు గుబ్బలు.

మాది నల్గొండ, ఉద్యోగం మిర్యాలగూడలో. రోజూ తిప్పర్తి, వేములపల్లి మీదుగా పోయి రావడమే, కాబట్టి ఆ మోతను వినీ వినీ దాని గుణం బాగా తెలిసింది. అది లటలటా కాదు, కిర్రుకిర్రూ కాదు. అట్లాంటివైతే చెయ్యి పెట్టి ఎక్కడో కనిపెట్టొచ్చు. పెళ్ళి బరాత్ పక్క వీధిలో పోతుంటే పాట సరిగ్గా వినపడదు గానీ మన ఇంటి కిటికీ అద్దాలు అదురుతాయి చూడండి, అట్లాంటి మోత. చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తుంది. ముందు సీట్లో నేను ఎట్లాగో సర్దుకున్నా, వెనక కూర్చునే మా అమ్మ "ఏందిరా, ఈ కారెక్కితే తల దిమ్మెక్కుతది, బస్సే నయం" అని చెవుల్లో దూది పెట్టుకునేది. వరి కోతలప్పుడు సగం రోడ్డు దాకా వడ్లు ఆరబోస్తారు కదా, ఆ రోజుల్లో 60 దాటే వీలుండదు, మోతా ఉండదు. దానంతట అదే తగ్గిపోయిందని ఒకసారి సంబరపడ్డాను కూడా. వడ్లు ఎత్తగానే మళ్ళీ మొదలు.

డిక్కీ డోరు ఎట్లా నిలబడి ఉంటుందో ఒకసారి తెరిచి చూడండి. పైన రెండు కీళ్ళు, కింద మధ్యలో ఒక్కటే లాక్, చుట్టూ మెత్తటి రబ్బరు బీడింగ్. లాక్‌కు అటూ ఇటూ మూలల్లో బొటనవేలంత రబ్బరు గుబ్బలుంటాయి, స్టాపర్లు అంటారు. లాక్ డోరును లోపలికి లాగుతుంది, ఈ గుబ్బలు బయటికి నెడతాయి. ఆ లాగుడుకూ నెట్టుడుకూ మధ్య డోరు బిగిసి ఉండాలి. బిగువు పోయిందంటే, లాక్ పడి ఉన్నా డోరు లోపలికీ బయటికీ వెంట్రుకవాసి ఊగుతూనే ఉంటుంది. ఊగేది కొంచెమే, కానీ రేకు పెద్దది, లోపలేమో మూసిపెట్టిన గాలి. స్పీకర్‌లో అట్ట చేసే పనే ఇక్కడ డోరు చేస్తుంది. డప్పు కొట్టేవాళ్ళు ముందు మంట వేసి డప్పును కాపుతారు. తోలు బిగిస్తే ఖణేల్‌మంటుంది, చల్లారి వదులైతే బద్ బద్ అంటుంది. మీ డోరు చల్లారిన డప్పు. టైరూ, రోడ్డూ, ఇంజనూ దాని మీద పడే చిర్రా చిటికెన పుల్లలు. అందుకే టైర్లన్నవాళ్ళను పూర్తిగా తప్పు పట్టలేను. టైరు ఎగుడుదిగుడుగా అరిగితే దెబ్బ గట్టిగా పడుతుంది, నిజమే. కానీ కొత్త పుల్ల పట్టుకున్నంత మాత్రాన వదులు డప్పు బిగుసుకోదు.

కొట్టేది ఏదో ముందు తేల్చుకోవాలి. ఖాళీ రోడ్డు మీద 70లో పోతూ క్లచ్ తొక్కి ఇంజన్‌ను ఐడిల్‌కు దిగనివ్వండి. ఇంజన్ ఆఫ్ మాత్రం చేయొద్దు, బ్రేకూ స్టీరింగూ రాయిలా అయిపోతాయి. మోత ఠక్కున ఆగితే మీ దారి వేరు, ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లూ సైలెన్సర్ వేలాడే రబ్బర్లూ చూపించుకోవాలి. ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. మూడు సిలిండర్ల ఇంజన్‌లో 1,600 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 1,600 చుట్లు) దగ్గర సెకనుకు 40 సార్లు ఇంధనం మండుతుంది, అంటే 40 హెర్ట్జ్. డోరు మోతలు కూడా తరచుగా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. టాప్ గేర్‌లో పడి ఇంజన్‌ను ఈడిస్తే చిన్న కార్లు గుమ్మనేది అందుకే. గేర్ తగ్గిస్తే పోతుంది. దానికి షెడ్డుకు పోనక్కర్లేదు.

నా కారులో క్లచ్ తొక్కినా మోత ఆగలేదు. తిప్పర్తి దాటాక కంకర తేలిన తారు మీద ఎక్కువ, నార్కట్‌పల్లి నుంచి చిట్యాల వైపు నున్నటి హైవే మీద అదే 80లో బాగా తక్కువ. అంటే కొట్టేది రోడ్డే.

తర్వాత ఫోన్‌లో శబ్దాన్ని గ్రాఫ్‌లా చూపించే ఉచిత యాప్ ఒకటి వేసుకున్నాను. ఈ పని టైర్లు కొనకముందే చేసి ఉంటే బాగుండేది. బామ్మర్దికి ఫోన్ ఇచ్చి వెనక కూర్చోబెట్టి 60లో ఒకసారి, 80లో ఒకసారి పోయాను. ఫోన్ మైకు అంత లోతు శబ్దాన్ని సరిగ్గా పట్టదు, కాబట్టి గీత ఎంత ఎత్తుందో వదిలేసి ఎక్కడ లేచిందో చూడాలి. రెండుసార్లూ 42 హెర్ట్జ్ దగ్గరే లేచింది. అక్కడ నాకు బల్బు వెలిగింది. నా టైరు సైజు 165/80 ఆర్14, చుట్టుకొలత రెండు మీటర్లకు కొంచెం తక్కువ. 60లో అది సెకనుకు ఎనిమిదిన్నర సార్లు, 80లో పదకొండు సార్లకు పైన తిరుగుతుంది. టైరో వీల్ బేరింగో అరుస్తుంటే స్పీడుతో పాటు ఆ గీత కూడా జరగాలి. జరగలేదంటే ఆ శబ్దం తిరిగే వస్తువుది కాదు, ఒకచోట నిలబడి ఊగుతున్న వస్తువుది. బేరింగ్ సంగతి ఇంకో రకంగానూ తెలుస్తుంది, ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ కొద్దిగా కుడికీ ఎడమకూ తిప్పితే దాని గుర్రుమనే శబ్దం పెరిగి తగ్గుతుంది. ఇది ఎటు తిప్పినా అంతే.

అప్పటికే ఒక యాక్సెసరీస్ షాపు అబ్బాయి "ఫుల్ డ్యాంపింగ్ చేపియ్యి అన్నా, ఏసీ రూమ్ లెక్క అయితది" అని, రేకు అదరకుండా లోపల షీట్లు అతికించడానికి 14,000 చెప్పాడు. నేను సగం ఒప్పుకున్నాను. "బావా, రేకు మీద అతికించేది తర్వాత, ముందు రేకు పని చేసేటాయనకు చూపిద్దాం" అని బామ్మర్దే అడ్డం పడి దేవరకొండ రోడ్డులో తనకు తెలిసిన డెంటర్ దగ్గరికి తీసుకుపోయాడు. పెద్దాయన, అందరూ చాచా అంటారు. ఆయన కారు నడపను కూడా నడపలేదు. డోరుకూ బాడీకీ మధ్య సందులో బొటనవేలు పెట్టి ఒక చుట్టు తిప్పాడు.

"యాక్సిడెంట్ బండి కొన్నరా సార్?"

"లేదు చాచా, సింగిల్ హ్యాండ్ అన్నారు."

"సింగిల్ హ్యాండే కావచ్చు. ఎనక ఎవడో గుద్దిండు. డోర్ మార్చిన్రు, గుబ్బ మార్చలే."

చూస్తే నిజమే. కీళ్ళ బోల్టుల తలల మీద పెయింట్ పగిలి ఉంది, పానా పడిన గుర్తు అది. కుడివైపు సందు సన్నగా, ఎడమవైపు వెడల్పుగా ఉంది. ఎడమ మూలలో ఉన్నది వేరే కారు గుబ్బ, పొట్టిది, డోరుకు తగలడమే లేదు. ఏడాదిగా రోజూ ఆ డిక్కీ తెరిచి మూసింది నేనే, ఒక్కనాడూ కనపడలేదు. మీదీ సెకండ్ హ్యాండే కాబట్టి ముందు ఇదే చూడండి.

ఇంట్లోనే చేసుకునే పరీక్షలు రెండు ఉన్నాయి. డోరు మూసి కింది మూలలను అరచేత్తో ఒక్కొక్కటిగా లోపలికి నొక్కండి. బిగువుగా ఉంటే గోడను నొక్కినట్టు ఉంటుంది, వదులుగా ఉంటే టక్కున లోపలికి పోయి వస్తుంది. రెండోది, మొహానికి రాసుకునే పౌడర్ బీడింగ్ మీద పలుచగా అద్ది, డోరు మామూలుగా మూసి తెరవండి. డోరు రేకు మీద తెల్లగీత తెగకుండా చుట్టూ పడాలి. ఎక్కడ తెగితే అక్కడ బీడింగ్ ఆనడం లేదు. మన దగ్గర దుమ్ము ఎట్లాగూ ఎక్కువ, పౌడర్ లేకున్నా బీడింగ్ లోపలివైపు ఎర్రటి దుమ్ము చార ఉందేమో చూస్తే సగం తెలిసిపోతుంది. నాకు ఎడమ మూలలో జానెడు చార ఉంది.

చాచా ముందే ఏదీ విప్పలేదు. పాత సైకిల్ ట్యూబ్ ముక్కను మూడు మడతలు పెట్టి ఆ పొట్టి గుబ్బ మీద టేపుతో అంటించి "ఒక రౌండ్ ఏసి రాండ్రి" అన్నాడు. పానగల్లు బైపాస్ దాకా పోయి వచ్చాను. మోత సగానికి సగం పోయింది. ఇంత చవకైన పరీక్ష ఇంకోటి లేదు, మీరూ ముందు ఇదే చేయండి. ట్యూబ్ ముక్కతో ఏమాత్రం తేడా రాలేదంటే మీ రోగం డోరుది కాకపోవచ్చు.

అసలు రిపేరు అరగంట పని. మా కారుకు సరిపోయే గుబ్బల జత తెప్పించి వేశాం. అవి స్క్రూలా తిరుగుతాయి, బయటికి తిప్పితే ఎత్తు పెరుగుతుంది. తర్వాత లాక్ పట్టుకునే కొండి, స్ట్రైకర్ అంటారు దాన్ని, రెండు బోల్టుల మీద ఉంటుంది. బోల్టులు వదులు చేసే ముందు దాని చుట్టూ మార్కర్‌తో గీత గీయండి, ఇది మర్చిపోతే పాత చోటు దొరక్క డోరే సరిగ్గా పడదు. లోపలివైపు 2 మిల్లీమీటర్లు జరిపి బిగించాడు. ఆ తర్వాత గుబ్బలను అర చుట్టు చొప్పున తిప్పుతూ డోరు మూసి చూడటమే. డోరు మూయడానికి ఇంతకుముందుకంటే కొంచెం బలం పట్టాలి, కానీ లాక్ రెండో క్లిక్ పడి తీరాలి. మొదటి క్లిక్ దగ్గరే ఆగిందంటే గుబ్బలు ఎక్కువ లేచాయన్నట్టు, రోడ్డు మీద డోరు తెరుచుకోవచ్చు. ఎడమవైపు బీడింగ్‌ను అంచు నుంచి ఊడదీసి శుభ్రం చేసి మళ్ళీ తొడిగాడు, కొత్తది అవసరం రాలేదు. మజూరీ 300 తీసుకున్నాడు.

బీడింగ్ సందును మోత కోసమే కాదు, ఇంకో కారణంతో కూడా వదిలేయకండి. కారు పోతుంటే వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, సైలెన్సర్ పొగ అక్కడే సుడి తిరుగుతుంది, సందు దొరికితే లోపలికి వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. బస్తాలు వేసుకుని డిక్కీ తాడుతో కట్టి సగం తెరిచి నడిపేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, పిల్లలను వెనక కూర్చోబెట్టుకుని అట్లా పోవద్దు.

మరి డ్యాంపింగ్ షీట్లు పనికిరావా? వస్తాయి, కానీ ఇవన్నీ అయ్యాక. కంకర రోడ్డు మీద కొంచెం మిగిలిందని నేనే రెండు బ్యూటైల్ షీట్లు కొని డోరు లోపలి ప్లాస్టిక్ విప్పి, వేలితో కొడితే ఎక్కువ మోగే చోట, రేకు మధ్యలో అంటించాను. రేకులో పావు వంతు కప్పితే చాలు, మొత్తం కప్పితే బరువు తప్ప పెద్ద లాభం లేదు, పైగా డోరును పైకెత్తి పట్టే డిక్కీ షాకర్లు ఆ బరువు మోయలేక డోరు నెత్తిన పడుతుంది. తారుతో చేసిన చవక షీట్లు కొనకండి, మన మే నెల ఎండకు మెత్తబడి జారతాయి, కారంతా వాసన. డోరు కింది అంచున నీళ్ళు పోయే రంధ్రాలుంటాయి, వాటిని మూశారో వానాకాలం తర్వాత తుప్పు పనికి మళ్ళీ చాచా దగ్గరికే పోవాలి.

ఇంకొకటి. కారు డోరు వేసినప్పుడల్లా చెవులు పట్టేస్తున్నాయా? అట్లయితే వెనక బంపర్ చాటున, బాడీ పక్కల్లో గాలి బయటికి పోయే రబ్బరు రెక్కలు ఉంటాయి, దుమ్ముతో అంటుకుపోయాయేమో బంపర్ విప్పినప్పుడు చూడమనండి. చాలామంది మెకానిక్‌లు అటు చూడనే చూడరు.

ఆదివారం పౌడర్ పరీక్ష చేసి గీత ఏ వైపు తెగిందో, ట్యూబ్ ముక్క పెట్టాక మోత ఎంత తగ్గిందో ఇక్కడే రాయండి. కుడా ఎడమా తెలిస్తే ఏ గుబ్బ లేపాలో, కొండి ఎటు జరపాలో చెప్తాను. టైర్ల వాళ్ళకు మాత్రం సోమవారం దాకా ఫోన్ ఎత్తకండి.