పెరటి సేద్యం: చీనీ మొక్క కొనేటప్పుడు కాయలను కాదు, కాండాన్ని చూడండి

ప్రశ్న: తిరుపతి శివార్లలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాము. ఇంటి వెనుక 25 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఖాళీ స్థలం ఉంది. ఎర్రనేల, బోరు నీరు. పసుపు ఎరుపు కలిసిన రంగు తిరిగే కమలా చెట్టు పెంచాలని మా అత్తగారి కోరిక. ఈ మధ్య ఒక వ్యాపారి తొట్టిలోని రెండడుగుల మొక్కకు నాలుగు కాయలు వేలాడుతుంటే చూపించి, నాగపూర్ కమలా అని చెప్పాడు. కొనవచ్చునా? ఎలా నాటాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆ మొక్కను కొనకండి. రెండడుగుల మొక్క కాయలు మోస్తున్నదంటే వేరుకూ కొమ్మకూ చేరవలసిన బలం కాయలకు పోతున్నదని అర్థం. తొట్టిలో ఎక్కువ కాలం ఉన్న మొక్కకు వేర్లు చుట్టలు చుట్టుకుపోయి, నేలలో పెట్టాక కూడా ఆ చుట్టలోనే ఉండిపోతాయి. పైగా కమలాకు ఆ రంగు రావాలంటే కాయ పక్వానికి వచ్చే రోజుల్లో రాత్రిళ్లు బాగా చల్లబడాలి. తిరుపతిలో అంతటి చలి ఉండదు కనుక కాయ ఆకుపచ్చగానో, లేత పసుపుగానో ఉండిపోతుంది. మన నేలకూ ఎండకూ అలవాటు పడినది చీనీయే. సాతుగుడి అన్నా, ఇతర ప్రాంతాలవారు బత్తాయి అన్నా ఎక్కువగా ఇదే. దీని తొక్క కూడా పూర్తిగా రంగు తిరగదు గాని, లోపలి రసానికి ఆ లోటు లేదని అత్తగారికి నచ్చజెప్పండి.

ఇక ఎంపిక. చాలామంది రకం పేరు ఒక్కటే అడిగి ఊరుకుంటారు. వేరుమూలం, అంటే అంటు కట్టడానికి వేరుతో సహా అడుగున వాడిన మొక్క, ఏదని అడిగేవారు తక్కువ. చెట్టు ఎన్నాళ్లు బతుకుతుందన్నది ఎక్కువగా దాని మీదే ఆధారపడి ఉంటుంది. జంబేరి అనే నిమ్మ రకం మీద కట్టిన అంటు మొదట్లో ఏపుగా పెరుగుతుంది గాని వేరుకుళ్లుకు త్వరగా లొంగుతుంది. రంగపూర్ నిమ్మ మీద కట్టినది నీటి ఎద్దడినీ, చెట్టును క్రమంగా ఎండబెట్టే ట్రిస్టెజా వైరస్‌నూ మెరుగ్గా తట్టుకుంటుంది కనుక దానినే అడగండి. మొక్కను చేతిలోకి తీసుకుని కాండం వెంట వేలితో కిందికి తడమండి. నేలకు జానెడు ఎత్తులో చిన్న వంపు, దాని పైనా కిందా బెరడులో కొద్దిపాటి తేడా తగలాలి. అదే కన్ను అంటు కట్టిన చోటు. అది మట్టిని ఆనుకుని ఉన్నా, అక్కడ బంక కనిపించినా మొక్కను పక్కన పెట్టేయండి. డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం వారి నిమ్మజాతి పరిశోధన స్థానం మీ ఊరిలోనే ఉంది. ముందుగా అక్కడ విచారించడం మేలు.

మీ స్థలంలో ఒక్క చెట్టే పెట్టండి. గోడకు కనీసం 10 అడుగుల దూరంలో, రోజుకు 6 గంటలైనా ఎండ తగిలే చోట 3 అడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీయించండి. కొత్తగా కట్టిన ఇల్లు కనుక మరొక జాగ్రత్త అవసరం. మేస్త్రీలు మిగిలిన సిమెంటునూ సున్నాన్నీ పెరట్లోనే కలిపేసి పోతుంటారు. అటువంటి మట్టిలో జింకు, ఇనుము మొక్కకు అందక ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతుంది. ఆ పెళ్లలన్నీ ఏరివేసి, పైమట్టిలో 20 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, కిలో సూపర్ ఫాస్ఫేటు కలిపి గుంత నింపి, రెండు మూడు వారాలు నీళ్లు పెట్టి మట్టి దిగనివ్వండి. ఈ వ్యవధి లేకుండా నింపిన నాడే నాటిన నా మొదటి చీనీ మొక్క, కార్తీకం వానలకు మట్టితో పాటు అర అడుగు కిందికి దిగి, అంటు భాగం పూడిపోయి, మూడో ఏట ఎండిపోయింది.

జూలై, ఆగస్టు నెలలలో నాటితే ఈశాన్య రుతుపవనం వచ్చేలోగా వేరు పట్టుకుంటుంది. అప్పటికి కుదరకపోతే ఆ వానలు వెలిసే దాకా ఆగండి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో మీకు తెలిసే ఉంటుంది, నీరు నిలిచిన నేలలో చీనీ వేరు ఊపిరాడక కుళ్లుతుంది. అంటు చోటు నేలకు జానెడు పైనే ఉండేటట్లు నాటి, కర్ర ఊతం కట్టండి. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, ఆ దిబ్బకు బయట మరొక గట్టు వేసి, రెండింటి నడుమ మాత్రమే నీరు పారించాలి. అంటు కింద నుంచి ముళ్లతో లేచే చిగుళ్లను చూసిన రోజే గిల్లివేయండి. నాటినది చీనీ, కాసినది పులుపు అని మాకు వచ్చే ఉత్తరాలలో చాలావరకు ఈ చిగుళ్ల కథలే. మొదటి మూడేళ్లు పూత రాలగొట్టడానికి మనసు ఒప్పదు గాని, తప్పదు.

ప్రశ్న: మా పెరట్లోని 12 ఏళ్ల చీనీ చెట్టు మొదట్లో తేనె రంగు బంక కారుతున్నది. ఆకులు పసుపు బారి రాలుతున్నాయి. కాపాడవచ్చునా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఇది బంక తెగులు. కాండాన్ని నీరు తాకుతూ ఉండడమే చాలాసార్లు దీనికి మూలం; మీ పాదు కూడా మొదలును ఆనుకునే ఉన్నదేమో చూడండి. శుభ్రమైన కత్తితో కుళ్లిన బెరడును గట్టి భాగం కనిపించే దాకా గీకి, ఆ చెక్కులను ఏరి కాల్చివేయండి. 100 గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీటిలోనూ, 100 గ్రాముల సున్నాన్ని మరొక అర లీటరులోనూ విడిగా కరిగించి, ఆ తరువాత కలిపితే బోర్డో పేస్టు సిద్ధమవుతుంది. ప్లాస్టిక్ బకెట్టే వాడండి. ఇనుప పాత్ర పనికిరాదు. గీకిన చోటుతో పాటు నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు పూసి, వానాకాలానికి ముందొకసారి, తరువాత ఒకసారి మళ్లీ పూయండి. కాండం చుట్టుకొలతలో సగానికి మించి బెరడు చచ్చి ఉంటే మాత్రం ఆ చెట్టు మీద ఆశ వదులుకోవలసిందే. వేళ్లతో సహా తీసివేసి, అదే గుంతలో మళ్లీ చీనీ గాని నిమ్మ గాని పెట్టకుండా కొన్నేళ్లు అరటి పెంచుకోండి.