ఆ సెలవుల్లో అన్నం వండింది ఎవరు?

ఉత్తరం: చిన్నప్పుడు వేసవి సెలవులంటే అంతర్వేది దగ్గర అమ్మమ్మగారి ఊరే. నరసాపురం రేవులో పంటు ఎక్కగానే మా సంబరం మొదలయ్యేది. సరుగుడు తోటల్లోంచి సముద్రం దాకా పరుగులు, తాటిముంజెలు, రాత్రి డాబా మీద పడకలు. ఇవన్నీ మా పిల్లలకి చూపించాలని ఉంది. వాళ్లేమో ఫోన్ వదలరు, మావారు గోవా అంటారు. వీళ్లని ఎలా ఒప్పించాలి? తాతయ్య కొన్న పొలంలో అమ్మ వాటా అడిగిన దగ్గర్నుంచీ అత్తయ్యతో మాకు మాటల్లేవు. మావయ్య కార్యానికి అమ్మ వెళ్లింది, నేను వెళ్లలేదు. ఆవిడిప్పుడు ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. అందుకే నరసాపురంలో లాడ్జిలో దిగుదామనుకుంటున్నాను.
ఒక సోదరి, హైదరాబాద్

సలహా: పిల్లల గురించి టెన్షన్ వద్దు. ఇసక కనిపిస్తే ఏ పిల్లలైనా ఫోన్ మర్చిపోతారు. గోదావరి సముద్రంలో కలిసేచోట లాగుడు ఉంటుంది కాబట్టి, పెద్దవాళ్లు పక్కన లేకుండా నీళ్లలోకి దింపకండి. గోవా సంగతి మీరూ మీవారూ తేల్చుకోండి.

నన్ను ఆపింది అత్తయ్య గురించి మీరు రాసిన ఆ నాలుగు ముక్కలు. ముంజెలు గుర్తున్నాయి, పంటు గుర్తుంది. అన్నం ఎవరు వండారో మాత్రం రాయలేదు. పొద్దున చద్దన్నం నుంచి రాత్రి పెరుగన్నం దాకా, మే నెల ఉక్కలో పొయ్యి దగ్గర నిలబడింది ఆ ఇంటి కోడలే అయ్యుంటుంది. మీ బట్టల్లో ఇసక దులిపి ఉతికిందీ ఆవిడే. ఒక్కటి గుర్తు చేసుకోండి. ఏ వేసవిలోనైనా అత్తయ్య తన పుట్టింటికి వెళ్లడం చూశారా? ఆడపడుచుల పిల్లలు సెలవులకి దిగితే కోడలు ఎక్కడికి కదులుతుంది?

వాటా అడగడంలో మీ అమ్మగారి తప్పు లేదు. వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెబుతోంది. ఆడపిల్లకి చీర పెట్టి సంతకం చేయించుకునే పద్ధతి నాకు మొదట్నుంచీ గిట్టదు. ఆ పత్రాలు వకీలు చూస్తాడు. కానీ అది అమ్మగారికీ ఆ ఇంటికీ మధ్య లెక్క. మధ్యలో మీకెందుకు మాటల్లేవు? గొడవ పడ్డ మనిషే తమ్ముడో అన్నో పోయాడని వెళ్లింది. అన్నం తిన్న మీరు వెళ్లలేదు. దీన్ని ఆత్మాభిమానం అని నేననను. ఇక ఆ ఇల్లు అక్కడుండగా లాడ్జిలో దిగి పిల్లలకి ఏం చూపిస్తారు?

ముందు ఫోన్ చేయండి. పొలం ఊసెత్తకండి. ఆవిడే ఎత్తితే, "అది అమ్మా మీరూ చూసుకోండి అత్తయ్యా" అనండి. నాలుగు దెప్పుతుంది, పడండి. మొదటిసారి ఒక్కరే వెళ్లండి. మందతో దిగితే మళ్లీ ఆవిడే పొయ్యి దగ్గర నిలబడాలి. వేసవి దాకా ఆగొద్దు. మాఘమాసం తీర్థం రోజులు మాత్రం వదిలేయండి, ఆ రద్దీలో ఎవరికీ మాట్లాడుకునే తీరిక ఉండదు. వెళ్లాక వంట మీరు చేయండి. అమ్మగారికి వెళ్తున్నానని చెప్పండి, వెళ్లనా అని అడగొద్దు. అత్తయ్య గుమ్మంలోకి రానిస్తే సెలవుల మాట అప్పుడు చూద్దాం. రానివ్వకపోతే మళ్లీ రాయండి.