2147483647 ప్రధాన సంఖ్య అని కంప్యూటర్ లేకుండా ఎలా తేల్చారు?

కంప్యూటర్లు లేని రోజుల్లో ఇంత పెద్ద సంఖ్యను ఎన్నిటితో భాగించి చూసి ఉంటారు అని అడిగారు. ఈ సంఖ్య నన్నూ ఒకసారి ఏడిపించింది, అదీ చెబుతాను.

మామూలుగా అయితే వర్గమూలం దాకా, అంటే 46340 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలి. అవి 4792 ఉన్నాయి. కానీ ఇది 2^31 − 1. ఆ రూపమే దీన్ని తేల్చిన 18వ శతాబ్దపు గణిత శాస్త్రవేత్త ఆయిలర్‌కి కలిసొచ్చింది. దీన్ని ఏదైనా ప్రధాన సంఖ్య భాగిస్తే, అందులోంచి ఒకటి తీసేశాక మిగిలింది 62తో, అంటే 2 × 31తో, భాగింపబడి తీరాలి. చిన్న ఉదాహరణ: 2^11 − 1 అంటే 2047, అది 23 × 89. ఒకటి తీసేస్తే వచ్చే 22, 88 రెండూ 22 (2 × 11) గుణిజాలే చూడండి. దీనికి తోడు ఆ భాజకాన్ని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. రెండు షరతులూ కలిపితే 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చేవే మిగులుతాయి. 46340 లోపు అలాంటివి 373. వాటిలో 63 లాంటి ప్రధానం కానివాటిని కూడా వదిలేస్తే ఇంకా తగ్గుతాయి. 1772లో ఆయిలర్ ఈ ఫలితం చెప్పే నాటికి ఆయనకు చూపు దాదాపు పోయింది, అది తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక నా గొడవ. జావా నేర్చుకుంటున్నప్పుడు ప్రధాన సంఖ్యో కాదో చెప్పే ప్రోగ్రామ్ రాశాను. 2 నుంచి మొదలుపెట్టి, భాజకం వర్గం మన సంఖ్యను దాటనంతవరకు లూప్ తిరగాలి. చిన్న సంఖ్యలన్నిటికీ బాగానే పనిచేసింది. 2147483647 ఇస్తే మాత్రం చాలాసేపు కదలకుండా ఉండి, చివరికి 'ప్రధాన సంఖ్య కాదు' అంది! ఆయిలర్ తప్పా, నేను తప్పా అని కాసేపు టెన్షన్ పడ్డాను (ఎవరిదో చెప్పక్కర్లేదు). భాజకాన్ని, దాని వర్గాన్ని ప్రింట్ చేయిస్తే విషయం బయటపడింది: 46341 దగ్గర వర్గం −2147479015 అని వచ్చింది. నేను వాడిన 32 బిట్ల పూర్ణాంకం రకంలో పట్టే అతి పెద్ద విలువ సరిగ్గా 2147483647. అది దాటగానే లెక్క మైనస్‌లోకి తిరిగిపోతుంది. ఆ రకం వేరియబుల్‌లో ఏ విలువైనా దీనికి సమానమో తక్కువో కాబట్టి లూప్ ఆగే ప్రసక్తే లేదు. అలా పోయి పోయి ఆ సంఖ్యనే ఆ సంఖ్యతో భాగించి, శేషం సున్నా వచ్చిందని కాదనేసింది.

వర్గాన్ని పోల్చడం మానేసి, భాజకాన్ని 'సంఖ్య బై భాజకం'తో పోల్చేలా మార్చాను. సరిపోయింది. తర్వాత సరదాకి ఆయిలర్ చూడాల్సిన ఆ 373 సంఖ్యలతోనే ఇంకో ప్రోగ్రామ్ రాశాను. ఎంటర్ మీంచి వేలు తీసేలోపే జవాబొచ్చింది.